ఇరవై ఏడో చెంప

ఆ సోమవారం పొద్దున పొయ్యి మీది నుంచి ఇడ్లీ పాత్ర దించుతూ హైమ ఒక నిర్ణయం తీసుకుంది. ఈ రోజు నుంచి క్లాసులో అరవకూడదు.

నిజం చెప్పాలంటే ఆ నిర్ణయం ఆమెది కాదు, ఆమె గొంతుది. వాషర్‌మెన్‌పేట్‌లో, చుట్టూ తమిళం వినబడే వీధుల మధ్య, తెలుగు వర్తకులు ఎప్పుడో చందాలు వేసుకుని కట్టిన బడిలో, అయిదో తరగతి తెలుగు సెక్షనుకి పదకొండేళ్ళుగా ఆమే టీచరు. తెలుగు, లెక్కలు, సైన్సు అన్నీ ఆమే చెబుతుంది. అయితే అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది "నోరు ముయ్యండి" అన్న ఒక్క మాటే. చెప్పీ చెప్పీ గొంతు తుప్పు పట్టిన గేటులా కిర్రుమనడం మొదలుపెట్టింది. డాక్టరు లోపలికి లైటు వేసి చూసి, "అరవడమన్నా మానండి, ఉద్యోగమన్నా మానండి" అన్నాడు.

ఉద్యోగం డాక్టరు చెప్పకుండానే ఊడిపోయేటట్టుంది. సెక్షనులో పాతికమందికి తగ్గితే దాన్ని మూసేస్తామని బడి కమిటీ తీర్మానం చేసింది. ఇప్పుడున్నది ఇరవై ఆరుగురు. అందులో ఇద్దరి తల్లిదండ్రులు, "నీ క్లాసు చేపల మార్కెట్టు మాదిరి ఉండాది టీచర్, మావోణ్ణి ఇంగ్లీషు బడిలో వేసేస్తాం" అని ఆమె ముఖం మీదే అనేశారు. శుక్రవారం సెక్రటరీ వెంకటాచలంగారు స్వయంగా వచ్చి తలలు లెక్కపెడతారు. ఆ లోపల క్లాసు అదుపులోకి రాకపోతే పిల్లలు పోతారు, పిల్లలు పోతే సెక్షను పోతుంది, సెక్షనుతో పాటు హైమా పోతుంది.

శనివారం టీచర్లకి ఒక శిక్షణ తరగతి జరిగింది. పాఠం చెప్పిన సంయుక్త అనే అమ్మాయికి ముప్పై కూడా ఉండవు. "తప్పు చేసిన పిల్లవాడి వైపు చూడకండి. ఒప్పు చేసినవాణ్ణి పట్టుకోండి. వెంటనే పొగడండి, వెంటనే ఏదో ఒకటి ఇవ్వండి. చిన్న నక్షత్రం అంటించినా చాలు. పొగిడిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తారు" అంది. హైమ ఆ మాటలు నోట్సులో రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీసుకుంది.

"ఏమండీ, అంగట్లో అంటించే నక్షత్రాలు ఉండాయా?" అని భర్తని అడిగింది.

లక్ష్మీపతిది బొట్లు, గాజులు, రిబ్బన్ల హోల్‌సేల్ అంగడి. ఇడ్లీని కారప్పొడిలో అద్దుకుంటూ ఆయన, "నక్షత్రాలు లేవు. నల్ల బొట్లుండాయి, పెద్ద సైజు. ఒక్కరూ కొనడంలే. సీరియల్లో చెడ్డ అత్తలు గూడా ఇప్పుడు ఎర్రవే పెట్టుకుంటా ఉండారు. పెట్టెతో సహా తీసుకోనిపో" అన్నాడు.

"నల్లవా?"

"పిల్లకాయలకి రంగుతో ఏం పని? అంటుకుంటే చాలు గదా!"

అదీ నిజమేననిపించింది. పెళ్ళయిన నాటినుంచి ఇంటినిండా బొట్ల అట్టలే చూసిన మనిషికి బొట్టంటే అట్టపెట్టెలో వచ్చే సరుకు. దానికి ఇంకో పని కూడా ఉందన్న ఆలోచనే పుట్టలేదు. పెట్టె సంచిలో పెట్టుకుని, గొడుగు తీసుకుని, కార్తీకమాసపు ముసురులో బయలుదేరింది.

క్లాసు ఎప్పటిలాగే ఉంది. నందు బెంచీ మీద నిలబడి ఉన్నాడు. లయ వాడి చొక్కా పట్టుకుని లాగుతోంది. ఒక్కరు తప్ప మిగతా ఇరవై ముగ్గురూ ఏకకాలంలో ఇరవై మూడు సంగతులు చెప్పుకుంటున్నారు. హైమ గొంతులోకి వచ్చిన కేకని మింగేసి, ఒప్పు చేసిన పిల్ల కోసం వెతికింది. మొదటి బెంచీలో అక్షయ ఉంది. రెండు జడలు వేసుకుని, ఒళ్ళో చిన్న నోటుబుక్కు పెట్టుకుని, ఎదుటి మనిషిని కొలతలు తీసుకుంటున్నట్టు చూసే పిల్ల.

"చూడండి, అక్షయ ఎంత చక్కగా చేతులు కట్టుకుని కూర్చోనుందో! శభాష్ అక్షయా!"

బొట్టు తీసి నుదుట అంటించబోయింది. అక్కడ అప్పటికే ఒకటుంది. మగపిల్లల నుదుళ్ళ మీద విభూతో నామమో ఉంది. సరేనని ఎడమ చెంప మీద అంటించింది.

నందు బెంచీ దిగాడు. "టీచర్, నాకు?"

"పది నిమిషాలు నోరు తెరవకుండా కూర్చుంటే నీకూ పెడతా."

వాడు కూర్చున్నాడు. వాడు కూర్చోవడం చూసి వాడి వెనకవాళ్ళు కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఇరవై ఆరు ఎడమ చెంపల మీద ఇరవై ఆరు నల్ల బొట్లున్నాయి. పదకొండేళ్ళలో మొదటిసారి హైమకి సుద్దముక్క బోర్డు మీద చేసే చప్పుడు వినబడింది. ఆ ఆనందంలో ఇంటిపని కూడా ఇవ్వడం మరిచిపోయింది.

మంగళవారం బడికి వచ్చేసరికి పిల్లలు అప్పటికే కూర్చుని ఉన్నారు. చేతులు కట్టుకుని, నడుములు నిటారుగా పెట్టి. బొట్టు ఊడకుండా ముఖం ఎట్లా కడుక్కున్నారో ఏమో, అందరివీ అట్లానే ఉన్నాయి. మాట్లాడినవాళ్ళ బొట్టు పక్కవాళ్ళు ఊడదీసెయ్యాలన్న నియమం ఒకటి వాళ్ళే పెట్టుకున్నారట. ఆ సంగతి కూడా ఎవరూ నోటితో చెప్పలేదు. అక్షయ పలక మీద రాసి చూపించింది.

పదిగంటలకి హైమ సుద్దముక్కల కోసం ఆఫీసుకి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే ఆయా లూర్దుమేరి బకెట్టు, తుడుపుగుడ్డ పట్టుకుని వరండాలోకి వచ్చింది. అయిదో తరగతి ముందు ఆమె కాలు ఆగిపోయింది. ఆ గదిలోంచి చప్పుడు రాకపోవడం ఆమె ఎరిగినంతలో లేదు. సెలవేమో అనుకుని కిటికీలోంచి తొంగిచూసింది.

లోపల ఎవరూ లేరనిపించే నిశ్శబ్దం కాదు అది. ఎవరో ఊపిరి బిగబట్టుకుని ఉన్న నిశ్శబ్దం. ఇరవై ఆరు మంది పిల్లలు ఏమీ రాయని నల్లబోర్డుకేసి రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. ఫ్యాను మాత్రం కిర్రు, కిర్రుమని తిరుగుతోంది. టీచరు లేదు. ప్రతి చెంప మీదా ఒక నల్లటి మచ్చ.

లూర్దుమేరి చేతిలో బకెట్టు జారి వరండా అంతా మోగింది. ఒక్క తల కూడా తిరగలేదు.

"మాతావే!" అని ఆమె శిలువ గుర్తు వేసుకుని, తుడుపుగుడ్డ అక్కడే వదిలేసి పోయింది. ఆ తర్వాత శుక్రవారం దాకా ఆ వరండా ఎవరూ తుడవలేదు.

ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాక, అంత నిశ్శబ్దానికి అలవాటు లేని హైమకి కళ్ళు మూతలు పడ్డాయి. బల్ల మీద తల వాల్చింది. అయిదు నిమిషాలే. లేచేసరికి పిల్లలు ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. అందరూ ఆమెనే చూస్తున్నారు.

సాయంత్రం ఇంటికి రాగానే లక్ష్మీపతి, "చెంప మీద ఏంది?" అన్నాడు. అద్దంలో చూసుకుంటే ఎడమ చెంప మీద నల్ల బొట్టు. పడుకున్నప్పుడు అట్టలోంచి అంటుకుని ఉంటుందనుకుని గోటితో తీసేసింది. బుధవారం అలాంటిదే ఒకటి టిఫిన్ డబ్బా మూత మీద కనబడింది. గురువారం గొడుగు పిడికి. బొట్ల పెట్టె మోసుకుని తిరుగుతుంటే అంటుకోకేం చేస్తాయి అనుకుంది కానీ, మూడూ మూత మధ్యలో, పిడి మధ్యలో, చెంప మధ్యలో, గురిచూసి పెట్టినట్టు ఉండడం ఆమెకి అంతగా నచ్చలేదు.

మంగళవారం సాయంత్రమే నందు ఇంట్లో ఇంకో సంగతి జరిగింది. అది హైమకి చాలా ఆలస్యంగా తెలిసింది. బడినుంచి వస్తూనే సంచి విసిరేసి, వీధి చివరిదాకా వినబడేలా "అవ్వా, తినేదానికి ఏముండాది?" అని అరిచే పిల్లవాడు, చెప్పులు జతగా విడిచి, గోడవారగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ముందురోజు ఊళ్ళో లేని నాయనమ్మ చంద్రకళమ్మ మురుకులు పెడితే చూశాడు కానీ అడగలేదు. ఆమె దగ్గరకొచ్చి వాడి ముఖం ఇటు తిప్పి చూసింది. చెంప మీద దిష్టిచుక్క.

"ఎవుర్రా పెట్టింది?"

వాడు నోరు తెరవకుండా పుస్తకం మీద పేరు చూపించాడు. హైమ టీచర్.

ఊరికే ఎవరూ దిష్టిచుక్క పెట్టరు. అందులోనూ చంటిపిల్లలకి కాదు, పదేళ్ళ వాళ్ళకి. ఆ టీచరు ఏదో చూసి ఉండాలి. చంద్రకళమ్మ వెంటనే అక్షయ ఇంటికి పోయింది. అక్కడి అవ్వ, "మా పిల్లదీ అంతే, నిన్నటి నుంచి నోరే తెరవలే!" అంది. ఇద్దరూ కలిసి లయ ఇంటికి పోయారు. అక్కడ కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న లూర్దుమేరి కనబడి, తాను కిటికీలోంచి చూసినదానికి కాస్త కలిపి చెప్పింది. కలపకుండా చెప్పినా సరిపోయేదే.

బుధవారం పొద్దున పిల్లలు కొత్త హంగులతో వచ్చారు. కొందరి మెడల్లో తాయెత్తులు, కొందరి జేబుల్లో నిమ్మకాయలు, కొందరికి కుడి చెంప మీద కూడా చుక్కలు. ఇద్దరి దగ్గర మిరపకాయలు కాల్చిన ఘాటు ఇంకా వదల్లేదు. హైమకి సంతోషంతో కళ్ళు చెమర్చాయి. ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కూడా బహుమతులివ్వడం మొదలుపెట్టారు!

గేటు దగ్గర చంద్రకళమ్మ ఆమెని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "చుక్క పెట్టింది నువ్వేనా టీచరమ్మా?" అంది.

"నేనేనవ్వా. పెట్టగానే చూసినారు గదా, ఎట్లా మారిపోయినారో!"

"చూస్తా ఉండాం. మా ఇంటోళ్ళెవురికీ రాత్రి నిద్రలే. ఎంతమందికి ఉండాది ఇట్లా?"

"ఇరవై ఆరు మందికీ అవ్వా. ఒక్కర్ని గూడా వదల్లే."

చంద్రకళమ్మ గేటు కమ్మీ పట్టుకుంది. "మేం ఇంట్లో ఏం జెయ్యాల?"

"నేను చేసేదే మీరూ చెయ్యండి. రోజూ పెట్టాల. ఒక్కరోజు గూడా మరవకూడదు."

"మరిస్తే?"

"మానేస్తే మళ్ళీ మొదటికే వస్తాది" అంది హైమ, శిక్షణలో రాసుకున్న మాటలు గుర్తు చేసుకుంటూ. "కొన్నిసార్లు ముందరికంటే ఎక్కువగా వస్తాదంట. అందరూ అనుభవం మీద చెప్పిందే."

"ఎన్నాళ్ళుంటాది?"

"బాగా పట్టిందంటే జీవితాంతం ఉంటాది!"

చంద్రకళమ్మ వెనక్కి చూడకుండా వేగంగా నడిచిపోయింది. ఎంత శ్రద్ధగల అవ్వో అనుకుంది హైమ.

గురువారం వాన ఎక్కువైంది. క్లాసులో కరెంటు లేదు. తలుపు దగ్గర గొడుగు మూస్తూ లోపలికి చూస్తే, ఆ బూడిదరంగు వెలుతురులో పిల్లల ముఖాలు కాక చుక్కలు మాత్రమే వరసగా కనబడ్డాయి. కొన్ని చుక్కలు బాగా కిందికి ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి చూసింది. ఏడు చోట్ల పిల్లలు లేరు. వాళ్ళు కూర్చునే చోట, బల్ల మీద, ఒక్కో నల్ల బొట్టు అంటించి ఉంది.

"ఇవెందుకు ఇక్కడ?" అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

అక్షయ లేచి నిలబడింది. నాలుగు రోజుల్లో ఆ పిల్ల నోరు తెరవడం అదే మొదలు. "ఈ రోజు అందరికంటే నిశ్శబ్దంగా ఉండేది వాళ్ళే కదా టీచర్."

హైమ వీపు మీద వాననీటి చుక్క ఒకటి జారింది. అది వాననీరేనని ఆమె తనకి తాను గట్టిగా చెప్పుకుంది.

"సరే, చాలు. ఇప్పుడు కొంచెం మాట్లాడండి. ఎవురైనా. ఏదైనా." ఎవరూ పలకలేదు. "నందూ, నువ్వు చెప్పు, పొద్దున ఏం తిన్నావు?" నందు పెదవులు వణికాయి కానీ మాట రాలేదు. "మాట్లాడినోళ్ళకి రెండు బొట్లు!"

పద్దెనిమిది జతల కళ్ళు అక్షయ వైపు తిరిగాయి. అక్షయ ఒక వేలు పైకెత్తి, దించింది.

"గుడ్ మార్నింగ్ టీచర్" అన్నారు పందొమ్మిది మందీ. ఒకే గొంతుతో, ఒకే రాగంతో, ఒకేచోట ఆగి. మళ్ళీ నిశ్శబ్దం. వానచుక్కలు కిటికీ రేకు మీద టపటపా కొడుతుంటే, వాటిని కూడా ఎవరైనా "హుష్" అంటే ఆగిపోతాయేమో అనిపించింది.

మధ్యాహ్నం హెడ్మాస్టరు కోదండరాంగారు ఆమెని పిలిపించారు. అయిదో తరగతికి తాను రాకుండా, వేరే వరండాలోంచి ప్యూనుని చుట్టూ తిప్పి పంపించారు.

"ఏమ్మా హైమా, నీ క్లాసులో ఏదో ఉండాదంట గదా?"

"ఏముండాది సార్? క్రమశిక్షణ ఉండాది."

"ఏడుగురు టీసీ అడగతా ఉండారు. మిగిలినోళ్ళు రేపు వస్తారంట, అదీ టీసీకే. నిన్న సాయంత్రం నేను గూడా కిటికీలో చూసినా. చెప్పకూడదు గానీ..." ఆయన ఆ మాట పూర్తిచేయకుండా విభూతి డబ్బా అందుకున్నారు. "రేపు పదకొండుకి సెక్రటరీ వస్తాడు. పాతిక తలలు లేకుంటే ఆయన సంతకం పెట్టేస్తాడు. నేనేం చెయ్యలేను తల్లీ."

బడి వదిలాక హైమ తిన్నగా భర్త అంగడికి వెళ్ళింది. లక్ష్మీపతి ముఖం వెలిగిపోతోంది. అలమరలో పై అర ఖాళీ.

"నల్ల బొట్లు ఒక్క అట్ట గూడా మిగల్లేదు! అవ్వలంతా గుంపుగా వచ్చి ఎత్తుకోనిపోయినారు. ఎక్కడో బడిలో పిల్లకాయలకి ఏదో పట్టిందంట, ఇరవై ఆరు మందికీ మాట పడిపోయిందంట. ఎవురో టీచరు దాన్ని కళ్ళారా చూసి, దిష్టిచుక్కలు పెట్టి కాపాడతా ఉందంట. పాపం, మహాతల్లి!"

"ఆ బడి మాదే. ఆ టీచరు నేనే" అంది హైమ.

ఆయన ఖాళీ అర వైపోసారి, ఆమె ముఖం వైపోసారి చూశాడు. "నువ్వేం చూసినావే?" అన్నాడు మెల్లగా.

అప్పుడు తట్టింది ఆమెకి, చెంప మీద నల్లచుక్కకి లోకంలో ఉన్న పని ఏమిటో. అంగడి దిగి తిన్నగా చంద్రకళమ్మ ఇంటికి నడిచింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తే అంతా సర్దుకుంటుందని ఆమె నమ్మకం.

చంద్రకళమ్మ వాకిట్లోనే ఉంది. వెనకగా నందు చేతులు కట్టుకుని గోడవార కూర్చున్నాడు. మిగతా అవ్వలు నలుగురైదుగురు అక్కడే ఉన్నారు.

"అవ్వా, అది దిష్టిచుక్క కాదు. గాలీ లేదు, ధూళీ లేదు. అది బహుమతి. పిల్లలు బాగా కూర్చున్నారని పెట్టినా. ముందు పొగుడుతా, తర్వాత పెడతా. అంతే!"

అవ్వలు మెడలు ముందుకు చాచారు.

"పొగిడినావా?" అంది చంద్రకళమ్మ.

"ఆఁ."

"ముఖం మీదే? నోటితో?"

"నోటితోనే. ఒక్కొక్కర్ని పేరు పెట్టి."

"ఎన్నిసార్లు?"

"పది నిమిషాలకి ఒకసారి చొప్పున..."

అవ్వలందరూ ఒకేసారి బుగ్గలు నొక్కుకున్నారు. "అడిపాపీ!" అంది లయ అవ్వ తమిళంలో, ఆ మాటకి తెలుగు చాలక. చంద్రకళమ్మ లేచి నిలబడింది.

"బిడ్డని కన్నతల్లి గూడా ఎదుట పొగడదే! నేను వీణ్ణి పుట్టినప్పటి నుంచి కోతిముండాకొడకా అనే గదా పెంచినా? నువ్వు పది నిమిషాలకి ఒకసారి బంగారం, శభాష్ అంటే దిష్టి తగలకుండా ఇంకేమవతాది? ఏనుగు గూడా కూలిపోతాది! దిష్టి పెట్టేదీ నువ్వే, చుక్క పెట్టేదీ నువ్వేనా టీచరమ్మా?"

హైమ రాసుకున్న శిక్షణ నోట్సులో, రెండు గీతలు గీసిన చోట, దిష్టి అన్న మాటే లేదు.

"సరి, అయ్యిందేదో అయిపోయింది" అంది చంద్రకళమ్మ చివరికి. "ఎక్కించిన నోటితోనే దించాల. రేపు ఇరవై ఆరు మందినీ తీసుకోనొస్తాం. ఒక్కొక్కర్ని పేరు పెట్టి తిట్టు. బాగా తిట్టు."

"అరవకూడదని డాక్టరు చెప్పినాడవ్వా."

"అరవకుండా తిడితే అది తిట్టెట్లా అవతాది? బిడ్డలు బాగుపడితే బడిలో ఉంటారు. లేకుంటే రేపే టీసీ. నీ ఇష్టం."

శుక్రవారం పదిన్నరకి అయిదో తరగతిలో ఇరవై ఆరుగురు పిల్లలూ ఉన్నారు. గోడ పొడవునా అవ్వలు, తల్లులు నిలబడ్డారు. తలుపు దగ్గర లూర్దుమేరి వేళాంగణ్ణి మాత నూనె సీసాతో సిద్ధంగా ఉంది. హెడ్మాస్టరు ఆమె వెనక ఉన్నారు. పిల్లలు చేతులు కట్టుకుని నల్లబోర్డుకేసి చూస్తున్నారు. ఇంతమంది పెద్దవాళ్ళు వచ్చినా ఒక్కరూ తల తిప్పలేదు. రెప్పలు కూడా అందరూ కలిసే వాలుస్తున్నారని హైమకి అనిపించింది. అవ్వల్లో ఒకామె చప్పుడు రాకుండా ఏడ్వడం మొదలుపెట్టింది.

హైమ గొంతు సవరించుకుంది. సెక్రటరీ రావడానికి అరగంట ఉంది. డాక్టరు చెప్పింది నిజమే, ఈ గొంతు పోతుంది. అరవకపోతే సెక్షను పోతుంది.

"ఒరేయ్ నందూ!"

ఆ కేకకి కిటికీ రేకు మీది కాకి ఎగిరిపోయింది.

"కోతి మొహమా! నీ చేతిరాత చూస్తే కోడి గూడా సిగ్గుపడి గీకేది మానేస్తాది! ఏడో ఎక్కం ఏడేళ్ళుగా చెప్తా ఉండా నీకు! బడికొచ్చేది చదివేదానికా, బెంచీలెక్కి భరతనాట్యం ఆడేదానికా?"

గోడవార అవ్వలు "అదీ!" అన్నారు.

నందు కదల్లేదు. కళ్ళు మాత్రం పక్కకి తిరిగి అక్షయ మీద నిలిచాయి. అక్కడినుంచి ఒక్కొక్కటిగా అందరి కళ్ళూ అక్షయ మీదికే వెళ్ళాయి. అక్షయ తొందరపడకుండా ఒళ్ళోని చిన్న నోటుబుక్కు తెరిచి, ఏదో ఒక్క ముక్క రాసి, పెన్సిలు లోపల పెట్టి మూసేసింది. ఒక పెద్దమనిషి పంచాయతీ ముగించినట్టు తల ఊపింది.

"టీచర్!" అని నందు పేలిపోయాడు. "లయ నా రబ్బరు ఎత్తుకునేసింది టీచర్! మంగళవారమే! మంగళవారం నుంచీ చెప్దామని కూర్చోనుండా!"

"పొయ్‌రా! నువ్వే నా జామెట్రీ బాక్సు ఒంగగొట్టినావు, బుధవారం!"

"టీచర్, వీడు నా కాలు తొక్కినాడు నిన్న!"

"టీచర్, బాత్రూమ్! సోమవారం నుంచి..."

నాలుగు రోజుల ఫిర్యాదులు వడ్డీలతో సహా ఒక్కసారే బయటపడ్డాయి. బెంచీలు కదిలాయి, సంచులు పడ్డాయి, ఒకడు నిమ్మకాయని బంతిలా విసిరాడు. చంద్రకళమ్మ నందుని పట్టుకుని "మాటొచ్చిందిరా కోతిముండాకొడకా!" అని ఏడ్చింది. అవ్వలు దండాలు పెట్టారు. లూర్దుమేరి, అవసరం లేకపోయినా, హెడ్మాస్టరు నుదుటికి నూనె రాసేసింది.

ఆ సమయానికి సెక్రటరీ వెంకటాచలంగారు లోపలికొచ్చారు. తలలు లెక్కపెట్టడం మొదలుపెడితే ఒకసారి ఇరవై మూడు వచ్చింది, ఒకసారి ముప్పై తొమ్మిది వచ్చింది. తలలు ఒకచోట ఉంటే కదా! చివరికి అవ్వలు ఎవరి పిల్లల్ని వాళ్ళు చెవి పట్టుకుని నిలబెడితే ఇరవై ఆరు తేలాయి.

"ఏందమ్మా ఈ గోల? టీచరు మంచిదేనా?" అని ఆయన చంద్రకళమ్మని అడిగారు.

"ఇట్లాంటి టీచరు ఇంకెక్కడా దొరకదయ్యా" అంది చంద్రకళమ్మ. "బిడ్డల్ని ఒక్క మంచి మాట గూడా అనదు." అంతలో తానేం చేస్తోందో గుర్తొచ్చి నోటి మీద చెయ్యి వేసుకుంది. "వద్దులే. నేను పొగిడితే నీకు తగలతాది తల్లీ."

సెక్రటరీ కాగితం మీద ఇరవై ఆరు అని రాసి, సంతకం పెట్టి, చెవులు మూసుకుంటూ వెళ్ళిపోయారు. టీసీ అడిగిన ఏడుగురూ తమ దరఖాస్తులు చించేశారు.

సాయంత్రం గది ఖాళీ అయ్యాక హైమ బొట్ల పెట్టె సర్దుకుంది. గొంతులోంచి గాలి తప్ప ఇంకేమీ రావడం లేదు. మొదటి బెంచీ కింద అక్షయ చిన్న నోటుబుక్కు పడి ఉంది. రేపు ఇద్దామని తీసింది. తీశాక తెరవకుండా ఉండలేకపోయింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

"సోమవారం. టీచర్ అరవలేదు. అందుకని మేము కదలలేదు. టీచరుకి బాగా నచ్చింది.

మంగళవారం. టీచర్ అరవలేదు. ఇంటిపని ఈ రోజు కూడా ఇవ్వలేదు. మేము ఒక్క మాట కూడా మాట్లాడలేదు. టీచరుకి ఒక బొట్టు, చెంపకి.

బుధవారం. టీచర్ నవ్వింది. ఒక బొట్టు, టిఫిన్ డబ్బాకి.

గురువారం. టీచర్ భయపడింది కానీ అరవలేదు. అందుకని గుడ్ మార్నింగ్ చెప్పాం. ఒక బొట్టు, గొడుగుకి. టీచర్ మారుతోంది. మానేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

శుక్రవారం. అరిచింది. బొట్టు లేదు."

కిటికీలోంచి వచ్చే వెలుతురులో హైమ ఆ చివరి ముక్కని రెండుసార్లు చదివింది. ఖాళీ బెంచీలు ఆమెనే చూస్తున్నట్టున్నాయి. ఆమె చెయ్యి దానంతటదే ఎడమ చెంప మీదికి వెళ్ళి తడుముకుంది.

నిజమే, లేదు.